అర మిల్లీమీటరు వెనుక సాధన

2023 అక్టోబరు. చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల కాంపౌండ్ విలువిద్య మహిళల ఫైనల్. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ పదిహేను బాణాలు వేసింది. పద్నాలుగు పది పాయింట్ల వలయంలో పడ్డాయి, ఒక్కటి తొమ్మిదిలో. 150కి 149. దక్షిణ కొరియా విలుకత్తె సో చేవాన్ 145 దగ్గర ఆగిపోయింది. మహిళల జట్టు, మిశ్రమ జట్టు విభాగాలు కూడా కలిపితే ఆ క్రీడల్లో సురేఖ గెలిచినవి మూడు స్వర్ణాలు. ఆమె చదువుకున్న కె.ఎల్. విశ్వవిద్యాలయం కృష్ణకు దక్షిణ గట్టున, తాడేపల్లి మండలం వడ్డేశ్వరంలో ఉంది. ఈ ప్రాంతపు పిల్లలకు ఏకాగ్రత గురించి చెప్పాలంటే ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

ఆ 149 ఎంత కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. కాంపౌండ్ విభాగంలో గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. అంటే నడిమధ్య నుంచి 4 సెంటీమీటర్లు పక్కకు పోతే పది పోయినట్టే. బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు అనుకుందాం. వదిలే క్షణంలో దాని తోక అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ పక్కకు జరిగితే చాలు, అక్కడ ఆ 4 సెంటీమీటర్లు తప్పుతుంది. విల్లు చివర్లలోని కప్పీలు తాడు బరువును తగ్గిస్తాయి గానీ ఆ అర మిల్లీమీటరును కాయాల్సింది విలుకత్తె శరీరమే.

ప్రతి బాణానికీ ఆ కొద్దిపాటి తేడాను మనసుతో ఆలోచించి సరిదిద్దడం ఎవరి వల్లా కాదు. అందుకే విలువిద్య శిక్షణ గురితో మొదలవదు. కొత్తగా చేరిన వాళ్ల చేతికి ముందు రబ్బరు పట్టీ ఇచ్చి లాగిస్తారు. తర్వాత విల్లు. ఆ తర్వాత నాలుగడుగుల దూరంలో గురి కాగితం అంటించని దిమ్మ పెట్టి బాణాలు వేయిస్తారు. ఎక్కడ తగిలిందన్న ధ్యాసే ఉండకూడదు. పాదాలు ఎలా నిలిచాయి, భుజం ఎక్కడుంది, తాడు దవడ దగ్గర అదే చోట ఆనిందా అన్నదే చూసుకోవాలి. ఆ కదలికలు కుదిరాక దూరం కొద్దికొద్దిగా పెంచుతారు. పిల్లలకు విసుగు పుట్టించే దశ ఇదే, అసలు పని జరిగేదీ ఇక్కడే.

పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ఈ క్రమాన్ని మూడు దశలుగా వివరించారు. మొదట ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గి కదలికలు ఒకదానితో ఒకటి అతుకుతాయి. చివరికి ఆలోచన ప్రమేయం లేకుండానే పని సాగిపోతుంది. గుంటూరు మిర్చి కళ్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లను గమనించినా ఇదే కనిపిస్తుంది. నోరు కబుర్లు చెబుతుంటే వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. అలా చేతులకు అప్పగించేసిన పనికి మనసు కాపలా అక్కర్లేదు. ఏకాగ్రతకు కావలసిన చోటు అక్కడే దొరుకుతుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ ఆటగాళ్ల కంటి కదలికలను కొలిచినప్పుడు, బంతి విసిరే ముందు నిపుణుల చూపు ఒకే చోట ఎక్కువసేపు కుదురుగా నిలుస్తోందని తేలింది.

ఈ నేల మీద ఇదే సూత్రం మరో రూపంలోనూ కనిపించింది. నరసరావుపేట దగ్గరి కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదర కవులు, వేంకటసుబ్బరాయ కవి, వేంకటరమణ కవి, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అవధానాలకూ ఆశుకవిత్వానికీ పేరుమోశారు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ నిషేధం పెడుతుంటే, ఇంకొకరు సమస్య ఇస్తారు, మరొకరు గంటలు కొట్టి లెక్క అడుగుతారు. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య మాటల్లోకి లాగుతూనే ఉంటాడు. మనిషి మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగే విషయాలు నాలుగైదుకు మించవని ఆధునిక ప్రయోగాలు చెబుతున్నాయి. మరి అవధాని ఎలా నెగ్గుకొస్తాడు? ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, రెండోది ప్రాస అన్న లెక్క ఏళ్ల సాధనతో అతని నాలుకకు ఎక్కేసి ఉంటుంది. ఛందస్సును మోసే బరువు లేదు గనుక ధారణకు మనసు ఖాళీగా దొరుకుతుంది.

అవధానం పుట్టుకతో వచ్చిన వరమని అనుకునే వాళ్లు 1980లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన గురించి తెలుసుకోవాలి. ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ ఒక మామూలు కాలేజీ విద్యార్థికి వరసగా అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమన్నారు. మొదట్లో ఏడు చెప్పగలిగాడు. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున ఏడాదిన్నరకు పైగా, మొత్తం 230 గంటలు సాధన చేశాక 79 అంకెలు చెప్పాడు. అతను పరుగు పందేల క్రీడాకారుడు. అంకెలను పరుగు పందేల సమయాలుగా గుదిగుచ్చి గుర్తుపెట్టుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మాత్రం మళ్లీ ఆరుకు పడిపోయాడు. పెరిగింది బుర్ర సామర్థ్యమంతా కాదు, సాధన చేసిన ఆ ఒక్క విద్యే. జ్ఞాపకశక్తి పెంచుతామంటూ అమ్మే ఆటలనూ మాత్రలనూ కొనే ముందు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సాధన రోజుకు ఎంత? 1978లో బ్రిటన్ తపాలా ఉద్యోగులకు కీబోర్డు నేర్పుతూ అలన్ బాడ్‌లీ, డి.జె.ఎ. లాంగ్‌మన్ దీన్ని పరీక్షించారు. రోజుకు ఒక గంట నేర్చుకున్న వాళ్లకు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్న వాళ్ల కంటే మొత్తం మీద తక్కువ గంటలే సరిపోయాయి. రోజుల లెక్కలో ఆలస్యమైంది గనుక ఆ పద్ధతి మీద అందరికంటే ఎక్కువ అసంతృప్తి పడిందీ వాళ్లే! బాగా నేర్చుకుంటున్న వాళ్లకే వెనకబడ్డామనిపించడం ఈ ప్రయోగం బయటపెట్టిన విలువైన నిజం.

సాధనే సర్వస్వం అనడమూ తప్పే. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, క్రీడల్లో ఆటగాళ్ల మధ్య తేడాలో సాధన వివరించగలిగింది 18 శాతమే. మిగిలిన భాగం వెనుక శరీర నిర్మాణం, మొదలుపెట్టిన వయసు, దొరికిన గురువు, ఇంటి ఆర్థిక స్థితి లాంటివి ఎన్నో ఉండవచ్చు. కానీ వాటిలో చాలావరకు పిల్లల చేతిలో ఉండవు.

విజయవాడ, గుంటూరు మధ్య ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లు నడిపే యాజమాన్యాలకు ఒక విన్నపం. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి నిద్ర ఎంతో తోడ్పడుతుంది. అదే పాఠాన్ని నాలుగు రోజులకు పంచి చెప్పండి, మధ్యలో విరామం ఇవ్వండి, పిల్లలను ఎనిమిది గంటలు పడుకోనివ్వండి.