మెడలో రెండు కెమెరాలు: ఆదోని, ఎమ్మిగనూరు షూట్లకు ఏ బాడీకి ఏది సరైన జోడీ?

తెల్లవారుజామున 4 గంటల ముహూర్తం, ఎమ్మిగనూరులో ఒక పెళ్లి. జీలకర్ర బెల్లం అయిపోయింది. పంతులు గారు మంగళసూత్రం పళ్లెం అందుకున్నారు, గట్టిమేళం మొదలైంది. సరిగ్గా అప్పుడే నా చేతిలోని కెమెరా షట్టర్ బిగుసుకుపోయింది. స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్. ఆఫ్ చేసి ఆన్ చేశా, బ్యాటరీ తీసి పెట్టా. అదే ఎర్రర్.

బ్యాగులో రెండో కెమెరా ఉంది. కానీ దాని బ్యాటరీ రాత్రి రిసెప్షన్‌లోనే అయిపోయింది. మొదటి కెమెరా బ్యాటరీలు మూడు ఫుల్ ఛార్జ్‌తో నా జేబులోనే ఉన్నాయి, అవి దీనికి పట్టవు. దీని ఛార్జర్ ఏమో దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, ఆదోని లాడ్జి గోడకు వేలాడుతోంది.

ఆ ఆల్బమ్‌లో తాళి కట్టే ఫొటో పెళ్లికూతురి తమ్ముడి ఫోన్‌లోంచి తీసుకున్నదే. ఆల్బమ్ ఇచ్చిన రోజు వాళ్ల నాన్న కోప్పడలేదు. "ఏమప్పా, రెండు కెమెరాలు తెచ్చుకున్యావు కదా, ఒకదాంట్లో కూడా పడలేదా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు అర్థమైంది: రెండు కెమెరాలు ఉండటం వేరు, జోడీ ఉండటం వేరు. రెండో బాడీ కొనాలనుకునేవాళ్లు చాలామంది మెగాపిక్సెల్స్, 4కే ఫ్రేమ్ రేట్లు చూస్తారు. ముందు చూడాల్సింది అది కాదు. మొదటి బాడీ చేసే పనిని ఆలోచించకుండా అందుకోగలదా, లేదా? అదీ ప్రశ్న.

అసలు రెండు ఎందుకు? ఒకటి చాలదా?

ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్‌కి ఒకటి చాలు. పశ్చిమ కర్నూలులో సీరియస్‌గా షూట్ చేసేవాళ్లకు మాత్రం మూడు కారణాలున్నాయి.

మొదటిది టైమ్. తలంబ్రాలు పోసుకునేటప్పుడు 24-70తో వైడ్ కావాలి, అమ్మ కళ్లలో నీళ్లు తిరిగే క్షణానికి 70-200 కావాలి. లెన్స్ మార్చడానికి పట్టే 15-20 సెకన్లలో ఆ క్షణం దాటిపోతుంది.

రెండోది దుమ్ము. ఆదోని పత్తి మార్కెట్ సంగతి తెలిసిందే, రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. సీజన్‌లో యార్డులోనో, జిన్నింగ్ ఫ్యాక్టరీలోనో పది నిమిషాలు నిలబడండి. చొక్కా మీద, జుట్టులో, కనుబొమ్మల మీద సన్నటి దూది నూగు పడుతుంది. అక్కడ లెన్స్ విప్పితే అది నేరుగా సెన్సార్ మీదకే పోతుంది. డీఎస్ఎల్ఆర్‌లో కనీసం అద్దం, షట్టర్ అడ్డం ఉంటాయి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో లెన్స్ తీయగానే సెన్సార్ బయటపడుతుంది. ఎఫ్2.8లో ఆ మచ్చ పెద్దగా కనపడదు. మధ్యాహ్నం ఎఫ్11లో ఆకాశం తీస్తే నల్ల చుక్కలు వరసగా లెక్కపెట్టొచ్చు.

సోనీ ఏ7 ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ 2 లాంటి వాటిలో ఆఫ్ చేసినప్పుడు షట్టర్ మూసుకునే సెట్టింగ్ ఉంది. మెనూలోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అయినా సరే, యార్డులో అసలు లెన్స్ విప్పకపోవడమే మేలు. రెండు బాడీలు ఉంటే విప్పే పనే ఉండదు.

మూడోది బ్యాకప్. మన దగ్గర కెమెరా పాడైతే అఫీషియల్ సర్వీస్ కోసం సాధారణంగా హైదరాబాదో బెంగళూరో పంపాల్సిందే. ఆ రోజులన్నీ చేతిలో కెమెరా లేకుండా పెళ్లిళ్ల సీజన్ దాటించలేం కదా.

దేవరగట్టు: జోడీకి అసలు పరీక్ష

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం చాలామందికి తెలుసు. మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం చుట్టుపక్కల ఊళ్ల జనం కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి. అర్ధరాత్రి, దివిటీల వెలుగు, దుమ్ము, తోపులాట. అక్కడ లెన్స్ మార్చడం కాదు, బ్యాగు జిప్పు తీయడం కూడా కష్టమే.

ఇలాంటి చోట జూమ్‌ల కన్నా రెండు ప్రైమ్‌లు బాగా పనికొస్తాయి: ఒక బాడీకి 35ఎంఎం ఎఫ్1.8, రెండోదానికి 85ఎంఎం ఎఫ్1.8. ఎఫ్2.8 జూమ్‌తో పోలిస్తే ఒక స్టాప్‌కి పైగా వెలుగు ఎక్కువ. అంటే ఐఎస్ఓ 12800 కావాల్సిన చోట 6400 లోపే సరిపోతుంది. ఇంకో మాట, గుంపు మధ్యలోకి వెళ్లొద్దు. 85 ఉన్నదే దూరంగా నిలబడి తీయడానికి.

ఎమ్మిగనూరు పరిస్థితి వేరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. మగ్గం ఉన్న గదిలో వెలుగు తక్కువ, కిటికీ వైపు తెల్లగా, మగ్గం వైపు చీకటి. నేసే మనిషి ముఖం, పరుగెత్తే నాడె, రెండూ కావాలి. ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి చోటు ఉండదు. వైడ్ ఒకదానికి, 85 ఒకదానికి పెట్టుకుంటే ఆయన పని ఆపకుండానే మన పని అయిపోతుంది. ఏటా జనవరి ప్రాంతంలో వచ్చే నీలకంఠేశ్వర స్వామి జాతరలో రథం లాగేటప్పుడు కూడా ఇదే పద్ధతి: వైడ్‌లో జనం, టెలీలో ముఖాలు.

జోడీ కుదిరిందో లేదో చూసే ఐదు పాయింట్లు

1. లెన్స్ మౌంట్ ఒకటేనా? ఒక బాడీ చచ్చిపోతే దాని లెన్స్ రెండోదానికి పట్టాలి. వేరే బ్రాండ్ బాడీ ఎంత చవకగా వచ్చినా ఇక్కడే తేడా కొడుతుంది.

2. బ్యాటరీ ఒకటేనా? నా కథ చదివారు కదా, ఇంకేం చెప్పను.

3. కార్డు ఒకటేనా? రెండింటికీ ఎస్‌డీ కార్డే సరిపోతే కార్డులు ఎటైనా మార్చుకోవచ్చు. డ్యూయల్ స్లాట్ ఉంటే ఇంకా మంచిది, ప్రతి ఫొటో రెండు కార్డుల్లో పడుతుంది.

4. బటన్లు ఎక్కడున్నాయి? చీకట్లో వేలు తనంతట తానే వెళ్లాలి. జూమ్ రింగ్ తిరిగే దిక్కు కూడా అన్ని బ్రాండ్లలో ఒకటి కాదు.

5. కలర్ కలుస్తుందా? ఒకే పట్టుచీర ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో కాస్త నారింజ అయితే ఎడిటింగ్‌లో రాత్రులు గడిచిపోతాయి.

ఏ మోడల్‌కి ఏది?

సోనీ ఏ7 ఫోర్ + ఏ7 త్రీ: బడ్జెట్ చూసుకునేవాళ్లకు బాగా నప్పే జోడీ. 2018లో వచ్చిన ఏ7 త్రీ సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతుంది. రెండింటికీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీయే, రెండింట్లోనూ రెండేసి కార్డ్ స్లాట్లు. ఇబ్బంది ఏంటంటే మెనూలు పూర్తిగా వేరు. ఏ7 త్రీలో వ్యూఫైండర్ పక్కన ఉండే వీడియో బటన్ ఏ7 ఫోర్‌లో పైకి వచ్చింది. ఒకటి 24 మెగాపిక్సెల్స్, ఇంకోటి 33. ఏ7 ఫోర్‌లో 10 బిట్ వీడియో ఉంది, ఏ7 త్రీలో 8 బిట్టే, కాబట్టి లాగ్‌లో తీస్తే గ్రేడింగ్‌లో తేడా తెలుస్తుంది. ఫొటోలే ప్రధానమైతే నిశ్చింతగా వెళ్లండి. వీడియో ఏ7 ఫోర్‌కే వదిలేయండి. పాతది కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగడం మర్చిపోవద్దు. ఏ7 త్రీ షట్టర్‌ను 2 లక్షల క్లిక్కుల వరకు పరీక్షించామని కంపెనీ చెప్పింది.

కెనాన్ ఆర్6 మార్క్ 2 + ఆర్8: కాగితం మీద కవలలు. అదే 24.2 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్, కలర్ దాదాపు కలిసిపోతుంది. బాడీ బరువు 461 గ్రాములే. కానీ ఆర్8లో కార్డ్ స్లాట్ ఒక్కటే, బాడీలో స్టెబిలైజేషన్ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా బ్యాటరీ వేరు: ఆర్6 మార్క్ 2లో 2130 ఎంఏహెచ్ ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, ఆర్8లో 1040 ఎంఏహెచ్ ఎల్‌పీ-ఈ17. సగం కూడా లేదు. కాబట్టి ఆర్8ను గింబల్ మీద వీడియో బాడీగా వాడితే బ్రహ్మాండం. తాళి కట్టేటప్పుడు ఆదుకునే బ్యాకప్ అనుకుంటే మాత్రం ఆలోచించండి.

కెనాన్ ఆర్6 మార్క్ 2 + ఆర్7: ఇక్కడ బ్యాటరీ ఒకటే, రెండింట్లోనూ రెండు ఎస్‌డీ స్లాట్లు. ఆర్7 ఏపీఎస్-సీ కాబట్టి 70-200 వేస్తే 112-320 అంత దగ్గరగా కనిపిస్తుంది. పగటిపూట రథోత్సవానికి, స్కూల్ స్పోర్ట్స్‌కి ఇది వరం. చీకట్లో మాత్రం ఫుల్ ఫ్రేమ్‌తో పోటీ పడలేదు. దేవరగట్టు రాత్రికి ఇది నా మొదటి ఛాయిస్ కాదు.

నికాన్ జెడ్6 త్రీ + జెడ్5 టూ: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చాలా క్లీన్ కాంబినేషన్. 2024లో ఒకటి, 2025లో ఇంకోటి వచ్చాయి. రెండూ 24.5 మెగాపిక్సెల్స్, రెండింట్లోనూ ఎక్స్‌పీడ్ 7 ప్రాసెసర్, ఒకే ఈఎన్-ఈఎల్15సీ బ్యాటరీ. వేగం, వీడియో విషయంలో జెడ్6 త్రీ ముందుంటుంది. చూసుకోవాల్సింది కార్డులు: జెడ్5 టూలో రెండూ ఎస్‌డీ, జెడ్6 త్రీలో ఒకటి సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బీ, ఒకటి ఎస్‌డీ.

పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లు: స్టూడియోలో 5డీ మార్క్ త్రీ, 6డీ ఉన్నాయా? పారేయకండి. వాటి ఎల్‌పీ-ఈ6 బ్యాటరీలు ఆర్6 మార్క్ 2లో కూడా పనిచేస్తాయి, ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో చక్కగా పడతాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ ఉంటుంది, పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఉండదు. ఒక్క జాగ్రత్త: మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ ముందే కనిపిస్తుంది, డీఎస్ఎల్ఆర్‌లో కనిపించదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు మొదటి రెండు ఫ్రేములు స్క్రీన్ మీద చెక్ చేసుకోండి.

ఫోన్ రెండో బాడీ అవుతుందా?

నా పెళ్లి ఫొటోను కాపాడింది ఫోనే, కాబట్టి తక్కువ చేయను. అయితే లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకునే 1 అంగుళం సెన్సార్ సుమారు 116. ఏడు రెట్లకు పైగా తేడా. పైగా ఫోన్‌లో జూమ్ లెన్స్ వెనక ఉండే సెన్సార్ సాధారణంగా అంతకన్నా చిన్నది. మండపం లైట్లలో వైడ్ ఫొటోకి ఫోన్ ఫర్వాలేదు. 10 అడుగుల దూరం నుంచి కదిలే ముఖానికి కష్టం. ఫోన్‌ను మూడో బాడీ అనుకోండి: రీల్స్‌కి, బిహైండ్ ద సీన్స్‌కి, ఇక అన్నీ చేతులెత్తేసినప్పుడు ఆఖరి దిక్కుగా.

భుజం మాట కూడా వినండి

సోనీ ఏ7 ఫోర్ 658 గ్రాములు, ఏ7 త్రీ 650. వాటికి 24-70 జీఎం 2, 70-200 జీఎం 2 తగిలిస్తే మొత్తం 3 కిలోలు దాటుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో ఎనిమిది గంటలు మోసేది అది. మామూలు మెడ పట్టీలు రెండు వేసుకుంటే మధ్యాహ్నానికే మెడ పట్టేస్తుంది. రెండు భుజాల మీద బరువు పంచే డ్యూయల్ హార్నెస్ కొనండి. లెన్స్ అప్‌గ్రేడ్ కన్నా ముందు ఇదే కొనండి.

షూట్‌కి ముందు ఐదు నిమిషాలు

రెండు కెమెరాల టైమ్ సెకన్లతో సహా ఒకటే పెట్టండి, లేకపోతే కంప్యూటర్‌లో తలంబ్రాలు అయ్యాక జీలకర్ర బెల్లం వస్తుంది. ఫైల్ పేర్ల ముందు అక్షరాలు వేర్వేరుగా ఇవ్వండి. ఆటో వైట్ బ్యాలెన్స్ వదిలేసి రెండింట్లోనూ ఒకే కెల్విన్ పెట్టండి. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి మండపం లైట్లకు వీడియోలో గీతలు రాకుండా పాల్, 25 ఫ్రేములు, షట్టర్ 1/50తో మొదలుపెట్టండి. కస్టమ్ బటన్లు రెండింట్లోనూ వీలైనంత ఒకేలా సెట్ చేయండి. చివరగా, రెండు కెమెరాలతోనూ పదేసి ఫొటోలు తీసి చూడండి. బ్యాగులో ఉన్న రెండోదాంతో ముఖ్యంగా.

మా ఫైనల్ మాట

ఇప్పుడు ఒకటే బాడీ ఉంటే వెంటనే అప్పు చేసి రెండోది కొనొద్దు. పెద్ద ఈవెంట్ ఉన్న రోజుకి అదే బ్రాండ్, అదే బ్యాటరీ ఉన్న బాడీ అద్దెకు తీసుకోండి, ముందురోజే తెచ్చుకుని చేతికి అలవాటు చేసుకోండి. నెలకు రెండు మూడు పెళ్లిళ్లు ఖాయంగా ఉంటే అప్పుడు కొనండి. ఫొటోలే ముఖ్యమైతే ఏ7 ఫోర్ పక్కన ఏ7 త్రీ, ఫ్రెష్‌గా మొదలుపెడితే జెడ్6 త్రీ పక్కన జెడ్5 టూ, పాత కెనాన్ లెన్సులుంటే మీ 6డీ పక్కన ఆర్6 మార్క్ 2.

నేను ఇప్పుడు ఒకే బ్యాటరీ పట్టే రెండు బాడీలే వాడుతున్నా. రెండూ ఒకే తరం కావు, రెండోదాని స్పెక్స్ ఏమంత గొప్పవీ కావు. కానీ ఆ తర్వాత ఏ పెళ్లికూతురి నాన్నా నన్ను ఆ ప్రశ్న అడగలేదు.