వందల గుడ్లు, నాలుగే గుడ్లు

ఉప్పల్, నాచారం చెరువుల్లో మొండి కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకునే నల్లటి పక్షి నీటికాకి. పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, బరువు అర కిలో అటూఇటూ. వానాకాలం రాత్రి బాత్రూం గోడకు అతుక్కుని కనిపించే గోధుమరంగు కప్ప చెట్టుకప్ప. ఆడది 7, 8 సెంటీమీటర్లు, మగది 5 అటూఇటూ. పక్షికి చేపలు కావాలి, కప్పకు పురుగులు. రెంటికీ నీళ్లు లేనిదే సంతానం లేదు.

నీటికాకి చెట్ల మీద కొంగలతో కలిసి గూడు కట్టి 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. రెండు మూడు వారాలు పొదుగుతుంది, పిల్లలకు తానే మేత తెచ్చి పెడుతుంది. చెట్టుకప్ప లెక్క వేరు. నీటి మీదికి వంగిన కొమ్మకో, తొట్టి గోడకో నురుగు గూడు పెడుతుంది. ఆడకప్ప తన స్రావాన్ని వెనక కాళ్లతో చిలికితే నురుగొస్తుంది. గుడ్లు కొన్ని వందలు. మూడు నాలుగు రోజుల్లో తోకకప్పలు కింది నీళ్లలోకి జారిపోతాయి. ఆ తర్వాత తల్లి కాపలా ఉండదు.

300 గుడ్లు అనుకుందాం. అందులో రెండు పెరిగి పెద్దవైతే చాలు, తల్లిదండ్రుల చోటు నిండుతుంది. నూటికి ఒకటి కూడా కాదు! కానీ తోకకప్ప కప్పయ్యేదాకా, సుమారు రెండు నెలలు, నీరు నిలవాలి. గుంట ముందే ఎండితే మొత్తం గుడ్ల సంతానం పోతుంది. దోమల కోసం వదిలే గంబూసియా చేపలు తోకకప్పల్నీ తింటాయి. అవే చేపలు నీటికాకికి మేత.

అందుకే చెరువు బాగుచేయడమంటే గట్టుకు రాతిగోడ, నడకదారి, దీపాలు అనుకోవడం నాకు నచ్చదు. పక్షికి అలాంటి చెరువూ చాలు, లేకుంటే ఎగిరి మరో చెరువుకు పోగలదు. కప్పకు ఒడ్డు పొదలే ఇల్లు. చర్మం గుండా నీటినీ గాలినీ పీల్చుకునే ప్రాణి కాబట్టి మురుగు దెబ్బ కూడా దానికే ఎక్కువ.

ఈ రెండు జాతులకూ ఇప్పుడు అంతరించే ముప్పు లేదు. కానీ 2023లో ప్రపంచవ్యాప్తంగా 8,011 ఉభయచర జాతులను పరిశీలిస్తే దాదాపు 41 శాతం ముప్పులో ఉన్నట్టు తేలింది. పక్షుల్లో అది ఎనిమిదింట ఒకటి. అయినా మన లెక్కలు పక్షుల వైపే. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. జనవరిలో చెట్టుకప్ప గొంతు విప్పదు. తొలకరి వానలు పడ్డాక, జూన్, జూలై రాత్రుల్లో, చెరువు గట్ల మీద దాని అరుపుల్ని కూడా లెక్కించాలి.