ఇనుప గుగ్గిళ్ళు

ప్రబంధ పద్యం కొరుకుడు పడనప్పుడు మా విద్యార్థులు "ఇనుప గుగ్గిళ్ళండీ మాష్టారూ!" అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట విని నవ్వుకుంటున్నవాణ్ణే. మా ఇంట్లో నిజంగానే ఇనుప గుగ్గిళ్ళు రోజూ పొద్దున్నే పాలలో వేసుకుని తింటున్నామని మాత్రం నిరుటి దాకా నాకు తెలియదు.

మాది పాతబస్తీలో లాల్‌దర్వాజా. మా అమ్మాయి అప్పుడు ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరం చదువుతోంది. దసరా సెలవుల తరువాత పిల్ల తీరు మారింది. పుస్తకం ముందు కూర్చుంటే కునికిపాట్లు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం. "రాత్రిళ్ళు సెల్‌ఫోను పట్టుకుని మేలుకుంటే ఇంతే" అని కోప్పడ్డాను. సోమరితనమని కూడా అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా వుంటుంది.

మరొక వింత కూడా చూశాం. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా గుప్పెడు పచ్చిబియ్యం నోట్లో వేసుకునేది. "బియ్యం బుక్కకే బిడ్డా, నీ లగ్గంల వాన వడ్తది!" అని మా అమ్మ కేకలు వేసేది. అందరం నవ్వేవాళ్ళం.

తిండి విషయంలో లోపం చేశామని నేను అనుకోలేదు. పొద్దున్న కాలేజీకి పరుగులు తీసే పిల్ల గదా అని బజారు నుంచి కార్న్‌ఫ్లేక్సు డబ్బా తెచ్చి పెట్టింది నేనే. ఇనుము చేర్చినట్లు దాని మీద పెద్ద అక్షరాలతో వేసి వుంది. పాలు పోసుకుని తినేది. వెంటనే వాళ్ళమ్మ ఇచ్చిన చాయ్ తాగేది. ఇనుము తింటున్న పిల్లకు నీరసమేమిటని నా వాదం.

"పాలల్ల నానవెట్టిన కాగితం ముక్కలు తిని పోరి ఎట్ల చదువుతది, ప్రొఫెసర్ సాబ్?" అనేది పక్కింటి ఖాలాజాన్. వాళ్ళింట్లో నాష్టా అంటే ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఆమెది పాతకాలపు చాదస్తమని నేను వినీ విననట్టు వూరుకున్నాను.

ఒక ఆదివారం మా చిన్నవాడు, ఎనిమిదో తరగతి వాడు, ఆ డబ్బా మీద పడ్డాడు. గుప్పెడు కార్న్‌ఫ్లేక్సు రోట్లో వేసి మెత్తగా నూరాడు. గిన్నెడు నీళ్ళలో కలిపాడు. పాడైపోయిన స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతాన్ని తెల్లటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో పది నిమిషాలు తిప్పాడు. పైకి తీస్తే తెల్లని సంచికి నల్లగా సన్నని నూగులాంటిది అంటుకుని వుంది.

"నాన్నా, ఇనుము!" అన్నాడు వాడు.

"ఏమండీ, పిల్లకు ఇన్నాళ్ళూ ఇనప రజను పెట్టామా!" అని మా ఆవిడ లబలబలాడింది. నాకూ గుండె జారింది. ఆ సాయంత్రమే అమ్మాయిని వెంటబెట్టుకుని, మా వీధి చివర వుండే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం.

ఆమె సంగతంతా విని నవ్వింది. "అది నిజంగా ఇనుమే. డబ్బా అబద్ధమాడలేదు మాష్టారూ" అన్నది. తరువాత ఆమె చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఆహారంలో ఇనుము కలపడానికి రెండు తరహాల పదార్థాలున్నాయి. ఫెర్రస్ సల్ఫేటు వంటి లవణాలు ఒంటికి బాగానే పడతాయి గాని, తినే వస్తువు రంగు మారుస్తాయి, నిలవ వుంటే ముక్కవాసన తెప్పిస్తాయి. అసలు ఇనుమునే పిండికన్న సన్నని పొడిగా చేసి కలిపితే అటువంటి బెడద వుండదు. నెలల తరబడి డబ్బాలో ఉలుకూ పలుకూ లేకుండా పడి వుంటుంది. అందుకే చాలా కంపెనీలు దానినే వాడతాయి. కడుపులోని ఆమ్లంలో అందులో కొంత కరుగుతుంది. దానివల్ల హాని లేదు. కాని తేలికగా కరగదు గనుక, ఒంటికి పట్టేది తక్కువ.

"పైగా మీరు పాలు పోశారు. పాలలోని కాల్షియం ఇనుమును కొంత అడ్డుకుంటుంది. ఆ వెంటనే చాయ్ పోశారు. అది అసలు అడ్డంకి" అన్నది డాక్టరమ్మ.

చాయ్‌లో వగరు పదార్థాలున్నాయి. అవి ఇనుమును పట్టుకుని వదలవు. భోజనంతో పాటు తాగిన చాయ్ ఆ భోజనంలోని ఇనుము ఒంటపట్టడాన్ని సగానికి పైగా తగ్గించగలదు. అసలే మన పప్పూ అన్నంలో వుండే ఇనుములో పదో వంతు కూడా మనకు దక్కదు. మాంసంలోని ఇనుము అంతకన్న బాగా పడుతుంది. పక్కన తిన్న పప్పులోని ఇనుమును కూడా లాక్కుపోతుంది. శాకాహారులకు ఆ పని చేసిపెట్టేది పులుపు. నిమ్మకాయ, జామపండు, ఉసిరికాయలలోని విటమిన్ సి ఇనుమును కరిగించి పేగు గోడ దాటిస్తుంది.

అప్పుడు ఖాలాజాన్ నాష్టా గుర్తుకొచ్చింది. ఖిచిడీలో మసూరు పప్పు. పక్కన ఖీమా. ఖట్టాలో నువ్వులు, చింతపండు. పైన పిండడానికి నిమ్మచెక్క. ఏ ప్రయోగశాలా చెప్పకుండానే ఆ పళ్ళెం కుదిరింది. అయితే ఆమె కూడా ఆ వెంటనే ఇరానీ చాయ్ తాగుతుందనుకోండి!

పరీక్షలో అమ్మాయి హెమోగ్లోబిన్ 8.4 వచ్చింది. 12 వుండాలి. కునికిపాట్లూ, ఆయాసమూ, చివరకు పచ్చిబియ్యం మీద మోజూ అన్నీ ఇనుము లోపం పెట్టిన గుర్తులేనని డాక్టరమ్మ చెప్పింది. మట్టి, బలపం, మంచుగడ్డలు తినాలనిపించడం కూడా ఆ కోవలోదే. మా ఇంట్లో పెళ్ళినాటి వానను గురించి బెంగపడ్డాం గాని, పిల్ల నెత్తురును గురించి ఆలోచించలేదు.

లేవబోతుంటే ఆమె మా ఆవిడను ఆపింది. "మీది కూడా చూద్దాం కూర్చోండమ్మా."

"నాకేం, నిక్షేపంలా వున్నాను" అన్నది మా ఆవిడ.

ఆమెది 7.6 వచ్చింది.

నాకు నోట మాట రాలేదు. డాక్టరమ్మ అడిగితే అప్పుడు బయటపడింది, రెండేళ్ళుగా నెలనెలా రక్తం ఎక్కువగా పోతోందని. ఎవరికీ చెప్పలేదు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, ఆకలి వేస్తే చాయ్‌తో సరిపెట్టుకోవడం ఆమె అలవాటు. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో వున్నాను. ఆమె ఏ వేళకు ఏం తింటుందో నాకు తెలియదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మంది. రక్తహీనతకు కారణాలు వేరేవీ వున్నాయి గాని, ఇనుము లోపం ప్రధానమైనది. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలునంటే, స్త్రీకి 29 కావాలని 2020లో మన పోషకాహార నిపుణులు లెక్కగట్టారు. ఎక్కువ కావలసిన మనిషే మన ఇళ్ళలో చివర తింటుంది.

ఈ లెక్కలు గట్టింది ఎక్కడో కాదు. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పరిశోధన, 1958 ప్రాంతంలో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మూసీ దాటి తార్నాకకు వెళితే అదే. ఇనుము కలిపిన ఉప్పు, ఆ తరువాత ఇనుమూ అయోడినూ రెండూ కలిపిన ఉప్పు తయారుచేసే పద్ధతులు అక్కడే రూపొందాయి. డబ్బాలో నాష్టా కొనలేని ఇంట్లో కూడా ఉప్పు వుంటుంది గదా!

బియ్యం కథా అటువంటిదే. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, మళ్ళీ గింజలుగా అచ్చుపోసి, నూటికి ఒక పాలు చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. సర్కారు పథకాలన్నింటిలో ఇటువంటి బియ్యమే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. అది రేషను దుకాణాలకు వచ్చిన కొత్తలో, ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది. మా ఇంట్లో పనిచేసే ఆమె చేటలో పోసి, ఆ గింజలు ఒక్కొక్కటీ ఏరి పారవేసేది. మేమూ ఏమీ చెప్పలేకపోయాం. తెలిస్తే గదా!

మా అమ్మాయి చేసిన పని కూడా అటువంటిదే. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద, 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు వారానికొక నీలం మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వుంటాయి. ఇదివరలో బడిలో ఇచ్చినవి మా అమ్మాయి పెన్సిళ్ళ పెట్టెలో దొరికాయి. "వాంతి వస్తుందన్నారు నాన్నా, అందుకని దాచేశాను" అన్నది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడి కృషి తెలుగు మాష్టారి ఇంట్లోనే పెన్సిళ్ళ పెట్టెలో మగ్గింది!

డాక్టరమ్మ తల్లీకూతుళ్ళిద్దరికీ మాత్రలు రాసింది. నిమ్మరసంతో వేసుకోమన్నది, పాలతోనూ, చాయ్‌తోనూ, కాల్షియం మాత్రతోనూ వద్దన్నది. మలం నల్లగా వస్తే భయపడవద్దన్నది. కడుపులో తిప్పితే మానెయ్యకుండా తనకు చెప్పమన్నది. మా ఆవిడ రక్తస్రావానికి వేరే వైద్యం మొదలుపెట్టింది. ఇంకొక మాట గట్టిగా చెప్పింది: "పరీక్ష చేయించుకోకుండా ఎవరూ సొంతంగా మింగవద్దు. అదనంగా చేరిన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు." ఇక్కడికి దగ్గరలోనే, శివరాంపల్లిలో, తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే సంస్థ వుంది. మాటిమాటికీ ఎక్కించే రక్తంతో ఆ పిల్లల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది; దాన్ని తీసివేయడానికి వేరే మందులు వాడాలి. రక్తహీనత అనగానే అందరికీ ఒకే మందు కాదన్నమాట.

మూడు నెలలకు అమ్మాయిది 11.8కి వచ్చింది, మా ఆవిడది 10.9కి. ఇది చాలావరకు మాత్రల చలవే. తిండి ఒక్కదానివల్ల ఇంత తొందరగా జరగదు. ఇద్దరూ ఇంకా కొన్నాళ్ళు వాడాలి. అమ్మాయి బియ్యం డబ్బా జోలికి పోవడం లేదు. మెట్లు రెండేసి ఎక్కుతోంది.

కార్న్‌ఫ్లేక్సు మేం పూర్తిగా మానలేదు. తొందరగా వున్న రోజున తింటారు, పక్కన ఒక జామకాయతో. మిగతా రోజులలో పెసరట్టో, సజ్జరొట్టెతో పప్పో, లేకపోతే నిమ్మకాయ పిండిన ఖిచిడీయో. చాయ్ మాత్రం ఒక గంట ఆగి. మొదట్లో ఆ గంట నాకు చాలా దీర్ఘంగా వుండేది. ఆ గంటలో మా ఆవిడ కూడా మాతోపాటు కూర్చుని తినడం అలవాటు చేసుకున్నది. పాఠక సోదరులు తమ ఇళ్ళలో ఎవరు ఎప్పుడు తింటున్నారో ఒకసారి గమనించవలసిందిగా నా మనవి.

ఈ సంగతంతా ఖాలాజాన్‌కు చెబితే విన్నది. ఖిచిడీ ఎక్కువా డబ్బా ఎక్కువా అన్న పంచాయతీలో తానే గెలిచానని సంతోషించింది. నాష్టా అయిన గంట దాకా చాయ్ తాగవద్దనగానే ముఖం చిన్నబుచ్చుకున్నది.

"అరగంట చాలదా, ప్రొఫెసర్ సాబ్?" అన్నది.