గాలపు కర్రల బజారు: ఇంటి పని ఏ ధర దగ్గర గిట్టుబాటు?

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర భాగాన, అడవుల మధ్య పార్క్ ఫాల్స్ అనే చిన్న ఊరున్నది. జనాభా రెండున్నర వేలకు మించదు. అక్కడి సెయింట్ క్రోయ్ కంపెనీ గాలపు కర్రల వల్ల, చేపల వేట సరదా ఉన్న అమెరికన్లకు ఈ ఊరి పేరు బాగా తెలుసు. 1948లో వెదురు కర్రలతో మొదలైన ఈ కంపెనీకి నేడు రెండు కర్మాగారాలున్నవి. ఒకటి పార్క్ ఫాల్స్‌లోను, రెండవది మెక్సికోలో వెండి గనులకు పేరుపడిన ఫ్రెస్నిల్లో పట్టణంలోను పనిచేస్తున్నవి. సరుకు మీద పడే మార్కు ఒక్కటే. కాని హెచ్చు ఖరీదు రకాలు పార్క్ ఫాల్స్‌లోను, తక్కువ ఖరీదు రకాలలో అనేకం ఫ్రెస్నిల్లోలోను తయారవుతున్నవి.

పని దేశంలో నిలుపుకోవాలా, బయటకు పంపాలా అన్న వాదం ఎన్నికల సభలలో ఎంత సాగినా, లెక్కల పుస్తకంలో అది ధరల నిచ్చెన మీద గీసిన ఒక గీతగానే కనబడుతుంది. ఆ గీత ఏ మెట్టు దగ్గర పడుతున్నదో, ఎందుకు పడుతున్నదో వర్తకులు గమనించదగినది.

ఈ గాలపు కర్ర మన చెరువుగట్ల మీద పిల్లలు పట్టుకునే వెదురుబద్ద వంటిది కాదు. జిగురు పట్టించిన కార్బన్ నార బట్టను కొలత ప్రకారం కత్తిరించి, కొన సన్నగా ఉండే ఉక్కు కడ్డీకి చుట్టి, పైన టేపు బిగించి కొలిమిలో కాలుస్తారు. కడ్డీ లాగివేయగా మిగిలిన బోలు గొట్టమే బ్లాంక్. ఇంతవరకు యంత్రం, ముడిసరుకు ఖర్చు ఎక్కువ. ఆ తరువాతిది అధికంగా చేతిపని. కార్కు పిడి అమర్చాలి, రీలు బిగించే చోటు కుదర్చాలి, దారం జారే వలయాలను ఒక్కొక్కటిగా నూలు చుట్టి కట్టాలి, ఆ కట్ల మీద ఎపాక్సీ పూత పూసి ఆరేదాకా తిప్పుతుండాలి. కూలి ఖర్చులో పెద్ద భాగం ఇక్కడే పడుతుంది. తయారీ పరదేశం పోయేటప్పుడు ముందుగా కదిలేది ఈ పనే.

లెక్క కోసం ఒక కర్రకు గంట చేతిపని అనుకుందాము. స్వదేశంలో గంటకు అన్ని ఖర్చులతో 25 డాలర్లు, పరదేశంలో 5 డాలర్లు వేసుకుంటే తేడా 20 డాలర్లు. తయారీదారు లాభం, దుకాణదారు లాభం కలిసేసరికి అది అంగట్లో 40 డాలర్లు అవుతుంది. 80 డాలర్ల కర్రను 120కి ఎవరూ కొనరు. 400 డాలర్ల కర్ర 440 అయితే కొనేవాడు పట్టించుకోడు, పేరు చూసి ఇస్తాడు. కనుక కూలి తేడా ఎంతో తెలిస్తే చాలదు. ఆ తేడా ఏ ధర మీద పడుతున్నదన్నది ముఖ్యం.

రవాణా కూడా ఈ గీతను కొంత జరుపుతుంది. ఏడడుగుల ఏకఖండ కర్ర బరువు స్వల్పం, ఆక్రమించే చోటు అధికం. ఓడ కంటెయినరులో కిరాయి చోటుకే గదా! మెక్సికో నుండి లారీ మీద వచ్చే సరుకుకు ఆసియా సరుకు మీద ఉన్న ఒక మేలు ఇది.

పన్నుల సంగతి మరింత ఆసక్తికరం. అమెరికాలో గాలపు కర్రల అమ్మకంపై తయారీదారుగాని దిగుమతిదారుగాని 10 శాతం ఎక్సైజు కట్టాలి. 1950 చట్టం ప్రకారం ఈ సొమ్ము మత్స్య సంపద అభివృద్ధికి రాష్ట్రాలకు పోతుంది. 2005లో ఒక్కొక్క కర్రపై పన్ను 10 డాలర్లకు మించరాదని నిర్ణయించారు. అంటే తయారీదారు 100 డాలర్లకు అమ్మినా, 300 డాలర్లకు అమ్మినా పన్ను 10 డాలర్లే. స్వదేశంలో మిగిలిన తయారీ ఖరీదైన రకాలలో ఎక్కువ గనుక ఈ పరిమితి దానికి కలిసివచ్చింది. దిగుమతి కర్రలపై మామూలు సుంకం 6 శాతం. 1994 నాటి వాణిజ్య ఒప్పందం, 2020లో దాని స్థానే వచ్చిన ఒప్పందం ప్రకారం, షరతులకు లోబడిన మెక్సికో సరుకుకు ఈ సుంకం లేదు.

వీటన్నిటికీ దొరకకుండా పోయినవి తపాలా పొట్లాలు. 2016 నుండి 800 డాలర్ల లోపు పొట్లానికి సుంకం మాఫీ ఉండేది. విదేశీ విక్రేత తిన్నగా కొనుగోలుదారు ఇంటికి పంపే కర్రకు ఎక్సైజు రాబట్టటమూ కష్టమే అయింది. స్వదేశీ తయారీదారు పన్ను కట్టి పోటీకి నిలబడవలసివచ్చింది. 2025 మే నెలలో చైనా పొట్లాలకు, ఆగస్టులో తక్కిన దేశాల పొట్లాలకు ఈ మాఫీ రద్దయింది. అయితే అదే సంవత్సరం విధించిన అదనపు సుంకాలు పోర్చుగల్ కార్కు మీద, జపాను వలయాల మీద కూడా పడినవి. వీటిని తెప్పించుకుని కర్ర కట్టే ఇంటి తయారీదారుకు ఒక చేత్తో ఇచ్చినది రెండవ చేత్తో తీసుకున్నట్లయింది.

పూర్వం ఈ వ్యాపారం ఎదురు దిక్కున నడిచేది. అమెరికా కర్రలకు మేలురకం వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుండి దిగేది. దానికి బజారు పేరు టాంకిన్ వెదురు, అది టాంకిన్‌లో పండకపోయినా. సరుకు పేర్లు ఇలాగే పడుతుంటవి. కొరియా యుద్ధంతో 1950 డిసెంబరులో చైనా సరుకుపై నిషేధం వచ్చింది. ఆ లోటులో గాజునార కర్ర బజారును ఆక్రమించింది. 1971లో నిషేధం తొలగేసరికి వెదురుకు పాత గిరాకీ లేదు. ఆ ఏడే జపానులో టోరే కంపెనీ కార్బన్ నారను వ్యాపార స్థాయిలో తీయసాగింది. విమానాల వారు ఇంకా సంశయిస్తున్న రోజులలో ఆ నారకు తొలి గిరాకీ ఇచ్చినవి గాలపు కర్రలు, గోల్ఫు కర్రలే.

చైనాలోని వెయ్‌హాయ్ పట్టణంలో ఈ కథ ఇంకా ముందుకు పోయింది. ప్రపంచంలో గాలపు కర్రల తయారీకి అతి పెద్ద కేంద్రమది. అక్కడి గ్వాంగ్‌వెయ్ సంస్థ గాలపు కర్రలు చేస్తూ చేస్తూ సొంతంగా కార్బన్ నార తీయటం నేర్చింది. దాని శాఖ 2017లో షెన్‌జెన్ షేరు బజారుకెక్కింది. నేడు ఆ నారకు విమాన పరిశ్రమ ఖాతాదారు. చవక కర్రల పనిని వదులుకున్నవారు వదులుకున్నది కూలి ఒక్కటేనా అన్న సందేహం ఇక్కడే వస్తుంది. కూలి లెక్కలో ఈ పద్దుకు గడి లేదు.

పార్క్ ఫాల్స్‌కు మాత్రం కూలి కూడా చిన్న విషయం కాదు. ఊరికి ఆధారమైన కాగితపు మిల్లు 2006లో ఒకసారి మూతపడి తెరుచుకున్నది, 2019లో మళ్లీ ఆగింది, ఆపైన తెరిచినా నిలవలేదు. కర్రల కర్మాగారంలో నూలు చుట్టే చేతులకు ఊళ్లో వేరే పని వెతకటం సులువు కాదు. ఫ్రెస్నిల్లో చవక రకాలను మోస్తున్నందువల్లనే ఖరీదు రకాల పని ఇక్కడ మిగిలిందనేవారున్నారు. ఆ చవక రకాలు బాగుపడేకొద్దీ గీత పైకి జరుగుతుందనేవారూ ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని జీ. లూమిస్ కంపెనీని 1997లో జపాను షిమానో కొన్నది. అయినా వుడ్‌లాండ్‌లో మేలురకం కర్రల తయారీ సాగుతూనే ఉన్నది. యజమాని దేశాన్ని బట్టి పని ఎక్కడుంటుందో చెప్పలేము.

కొనేవారు చూడవలసినది పిడి పైనున్న చిన్న అక్షరాలు. దాదాపు మొత్తం స్వదేశీ సరుకైతే తప్ప ‘మేడిన్ యూఎస్ఏ’ అని వేయరాదని అక్కడి వాణిజ్య కమిషన్ నియమం. కార్కు పోర్చుగల్‌ది, వలయాలు జపానువి అయిన కర్ర మీద ఆ మాట చెల్లదు. అందుకే కొన్నిటిపై ‘హ్యాండ్‌క్రాఫ్టెడ్’ అని, మరి కొన్నిటిపై ‘డిజైన్డ్’ అని ఉంటుంది. మొదటి మాట ఉన్నచోట కర్ర కట్టిన ఊరు తెలుస్తుంది. రెండవది ఉంటే, అది ఎక్కడ కట్టినదో మరొక మూల వెతకాలి.