గణితం: కనుగొన్నదా, కల్పించినదా?

తెలుగులో ‘కనిపెట్టాడు’ అనే మాటను మనం రెండు విధాలుగా వాడతాం. 1781లో హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు అంటాం. బ్రెయిలీ అంధుల కోసం లిపిని కనిపెట్టాడు అని కూడా అంటాం. హెర్షెల్ చూడకముందే యురేనస్ ఉంది. బ్రెయిలీ తయారు చేయకముందు ఆ లిపి లేదు. మరి గణితం ఏ రకం?

మొదటి రకమే అన్నాడు సుమారు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు తత్వవేత్త ప్లేటో. నల్లబల్లపై ఎంత జాగ్రత్తగా గీసినా వృత్తం పూర్తి గుండ్రంగా రాదు. అయినా అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని మనం రుజువు చేసేది ఆ సుద్దగీత గురించి కాదు. అసలు వృత్తం మన మనసుతో పనిలేకుండా ఉందని ఆయన వాదం. కాదు, గణితం చదరంగంలా మనిషి పెట్టుకున్న నియమాల ఆటే అని మరికొందరి వాదం.

ఉత్త ఆటే అయితే ప్రకృతి దాని మాట ఎందుకు వినాలి? 1928లో డిరాక్ ఎలక్ట్రాన్‌కు ఒక సమీకరణం రాశాడు. దానికి ఋణ శక్తి గల సాధనలు కూడా వచ్చాయి. వయసు లెక్కలో ఋణ విలువ వస్తే మనం కొట్టేస్తాం. డిరాక్ కొట్టేయలేదు. ఎలక్ట్రాన్ అంత ద్రవ్యరాశి, ధనావేశం గల కణం ఒకటి ఉండాలని 1931లో చెప్పాడు. 1932లో ఆండర్సన్ విశ్వకిరణాల ఫొటోలో దాని జాడ పట్టుకున్నాడు. అదే పాజిట్రాన్. నేడు ఆసుపత్రుల్లో పెట్ స్కాన్ దానితోనే పనిచేస్తోంది.

భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ 2014లో వచ్చిన తన పుస్తకంలో ఇంకా దూరం వెళ్లాడు. గణితం విశ్వాన్ని వర్ణించడం కాదు, విశ్వమే ఒక గణిత నిర్మాణం అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. న్యూటన్ గురుత్వ సూత్రంలో గణిత దోషం లేదు. అయినా బుధగ్రహ కక్ష్య దానితో పూర్తిగా సరిపోలేదు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వచ్చాకే లెక్క కుదిరింది. అంటే ఏ గణితం మన లోకానిదో పరిశీలనే తేల్చాలి. మిగతా గణితాలకూ వేరే విశ్వాలున్నాయని టెగ్‌మార్క్ అంటాడు. కానీ వాటిని చూసే దారి మనకు లేదు.

మాకు తోచింది ఇది: గుర్తులు, నియమాలు మనం కల్పించుకున్నవి. వాటి నుంచి వచ్చే సంబంధాలు మనం కనుగొన్నవి. ఏ రాజు ఆజ్ఞ వేసినా 7 ప్రధాన సంఖ్య కాకుండా పోదు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి వాళ్లం మేము. “లెక్కలు మీవాళ్లకు రావు” అనే మాట మనలో చాలామంది విన్నదే. కానీ గణితం ఎవరి పట్టా భూమీ కాదు. రుజువు సరైనదైతే రాసినవారి ఇంటిపేరుతో దానికి పనిలేదు. తమ్ముళ్లారా, స్టడీ అవర్‌లో ఈసారి ఋణ విలువ వస్తే, కొట్టేసే ముందు అది ఎందుకు వచ్చిందో ఒక్కసారి ఆలోచించండి.