పాత పెట్టెకు కొత్త ఇంజన్

గడువు తీరిన విండోస్ స్థానంలో లినక్స్ వేస్తే పాత ల్యాప్‌టాప్ మరికొన్నేళ్లు పనిచేస్తుంది. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో దానికి అసలు పరీక్ష భాష దగ్గరే

రైలు పెట్టె పాతబడగానే తుక్కుకు వేయరు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు పంపి, విప్పి, అరిగిన భాగాలు మార్చి, రంగు వేసి మళ్లీ పట్టాలెక్కిస్తారు. రైల్వే భాషలో దాని పేరు పీరియాడిక్ ఓవర్‌హాల్. ఆ వర్క్‌షాపు మీద ఆధారపడి ఎదిగిన ఊరిది. ఇక్కడి సుభాష్‌పల్లి లాంటి పేటల్లో ఇప్పుడు ఇంట్లోని మరో పెట్టెకూ అలాంటి ఓవర్‌హాల్ అవసరమైంది. అది పిల్లల చదువు కోసమని ఎనిమిది, పదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్.

దాని జబ్బు అరుగుదల కాదు, తేదీ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కంప్యూటర్ మూగబోదు గానీ, కొత్తగా బయటపడే లోపాలకు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. వాటిని 2026 అక్టోబరు 13 వరకు పొందేందుకు ఇంటి వాడకందారులకు విడిగా నమోదు సదుపాయం కల్పించినా, అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు.

పోనీ విండోస్ 11కు మారదామా అంటే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో కావాలి. ఆ తరం మార్కెట్లోకి వచ్చింది 2017 ఆగస్టులో. అంతకు ముందు కొన్న యంత్రాలు చాలామటుకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఈ మార్పుతో ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్ప పాలు కావచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023లో అంచనా వేసింది. తెర వెలుగుతోంది, కీబోర్డు పలుకుతోంది, అయినా రిటైర్మెంటు!

ఇక్కడే లినక్స్ అక్కరకొస్తుంది. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ ఉచిత వ్యవస్థకు అనేక రూపాలున్నాయి. విండోస్‌కు అలవాటుపడ్డవారికి లినక్స్ మింట్ సులువుగా ఉంటుంది. 2024 జులైలో వచ్చిన మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు అందుతాయి. కనీసం 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 జీబీ ఉంటే మేలు. అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ రూపం మరింత తేలిక.

దీన్ని పరీక్షించడానికి పాత వ్యవస్థను చెరిపేయక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి రూఫస్ లాంటి చిన్న ప్రోగ్రాంతో లినక్స్‌ను ఎక్కించి, కంప్యూటర్‌ను దాని నుంచే ఆన్ చేయొచ్చు. ఇన్‌స్టాల్ బటన్ నొక్కనంతవరకు హార్డ్ డిస్క్‌లోని విండోస్ అలాగే ఉంటుంది. ఆ గంటసేపట్లో వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్ వరసగా చూసుకోవాలి. మూత మూసి తెరిస్తే మళ్లీ మేల్కొంటుందో లేదో కూడా గమనించాలి. కొన్ని వైఫై చిప్‌లకు విడిగా డ్రైవర్ కావాలి. అన్నీ కుదిరాక, ఫొటోలు, ఫైళ్లు వేరేచోట దాచుకున్న తర్వాతే అసలు మార్పిడి. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే వేగంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే అద్భుతాలు ఆశించకూడదు. 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్లో ఇరవై పేజీలు తెరిస్తే ఏ వ్యవస్థయినా మొరాయిస్తుంది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి మరో లెక్క ఉంది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, పుస్తకాల్లో ఇంగ్లిషు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమబెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఆ హోదా ఇంట్లో అక్కరకు రావాలంటే పిల్లలు ఈ లిపిలో రాయగలగాలి కూడా. విండోస్‌లోకి తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. లినక్స్‌లోనూ ఆ కొరత లేదు. ఐబస్ అనే సాధనంతో ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు దొరుకుతాయి. ఒక మీట నొక్కి బెంగాలీకి, హిందీకి మారొచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు కోసమే ఒక లినక్స్ రూపాన్ని తయారుచేసింది.

చిక్కులూ ఉన్నాయి. యూనికోడ్‌కు ముందు అను ఫాంట్లతో చేసిన పాత పెళ్లి పత్రికలు, సంఘాల సావనీర్లు లినక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనబడతాయి. వాటిని ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ట్యాలీతో దుకాణం లెక్కలు రాసేవారికి, విండోస్‌లోనే నడిచే పరీక్షా సాఫ్ట్‌వేర్ అవసరమైన విద్యార్థులకు ఇది తగదు. వర్డ్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ తెరుస్తుంది గానీ, పట్టికలు అక్కడక్కడా చెదురుతాయి.

అయితే ఇంటి పనిలో చాలా భాగం బ్రౌజర్లోనే జరుగుతోంది. రైలు టికెట్, బ్యాంకు ఖాతా, ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ, అన్నీ అక్కడే తెరుచుకుంటాయి. వాటికి కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు, భద్రమైన బ్రౌజర్ చాలు. సాయానికీ దూరం పోనక్కర్లేదు. అదే ఐఐటీలో ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ పేరుతో విద్యార్థి బృందం ఉంది.

నిర్ణయం చివరకు అవసరాన్ని బట్టే. వ్యాపారం విండోస్‌తో ముడిపడి ఉంటే కొత్తది కొనక తప్పదు. తరగతి పాఠాలు, ఉత్తరాలు, ఊళ్లోని తాతయ్యతో వీడియో మాటలే పనైతే, వేల రూపాయలు పోసే ముందు ఒక పెన్‌డ్రైవ్, ఒక ఆదివారం ఖర్చు చేసి చూడొచ్చు. రైలు పెట్టెకూ ఆయుష్షు ఉంటుంది. కానీ దాన్ని పరీక్షించకుండా ఏ వర్క్‌షాపూ తుక్కుకు పంపదు.