పక్షవాతం: తొలి సూచనలు, తొలి గడియలు

రైల్వేలో పనిచేసే మనకు సమయం నమోదు చేయడం కొత్త కాదు. బండి వచ్చిన వేళ, కదలిన వేళ నిమిషాలతో సహా రిజిస్టరులో వ్రాస్తాము. ఈ అలవాటు ఇంటిలో ఒక మనిషి మాటను, నడకను కాపాడగలదు.

మెదడుకు రక్తం చేర్చే నాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా.

దీని సూచనలు హఠాత్తుగా కనిపిస్తాయి. రోగిని నవ్వమనండి, మూతి ఒక ప్రక్కకు పోతున్నదా? రెండు చేతులు ముందుకు చాచమనండి, ఒకటి జారిపోతున్నదా? ఒక వాక్యం పలికించండి, మాట తడబడుతున్నదా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయరాదు. హఠాత్తుగా చూపు మందగించుట, అడుగు తూలుట, భరించరాని తలనొప్పి కూడ ప్రమాద సూచనలే.

ఖరగ్‌పూర్‌లోని మన తెలుగు కుటుంబాలు ఒక విషయం గమనించాలి. ఇంటిలో తెలుగే మాట్లాడే పెద్దల మాటలో వచ్చిన మార్పును తెలుగు రాని వైద్యుడు పసిగట్టలేకపోవచ్చు. కనుక వారి సహజమైన మాట ఎరిగినవారు వెంట ఉండి, ఆ మార్పును వైద్యునికి తెలియజేయాలి.

వైద్యుడు ముందుగా అడిగేది, రోగి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడని. నిద్ర లేచేసరికే చేయి పడిపోయి ఉంటే, లేచిన వేళ లెక్కకు రాదు. అంతకు ముందు బాగున్న వేళనే చెప్పాలి. గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆ గడువు దాటినా ఆశ వదలరాదు; కొందరికి 24 గంటలలోపు గడ్డను తొలగించే చికిత్స చేయవచ్చు.

సి.టి. స్కానులో రక్తస్రావం లేదని తేలేవరకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నోటికి నీరు, ఆహారం పెట్టరాదు. పసరులకు, మర్దనలకు కాలం వెచ్చించరాదు. రాత్రివేళ స్కాను, ఈ చికిత్స ఏ ఆసుపత్రిలో లభిస్తాయో ముందే విచారించి, ఆ ఫోను నంబరు గోడపై వ్రాసి ఉంచుకోవాలి.

కొన్నిసార్లు మూతి వంకర, చేతి తిమ్మిరి కొద్ది నిమిషాలలో వాటంతటవే సర్దుకుంటాయి. తగ్గిపోయినదని మిన్నకుండుట ప్రమాదకరం. పెద్ద పక్షవాతం తరువాతి రెండు రోజులలోనే రావచ్చును. నాడు సెలవు పెట్టి అయినా వైద్యుని కలవాలి.

రక్తపోటు దీనికి ప్రధాన కారణం; అది బాధ తెలియనీయకుండ పెరుగుతుంది. క్రమం తప్పక పరీక్ష చేయించుకొనుట, మందు మానకుండుట, ఉప్పు తగ్గించుట, పొగాకు విడుచుట మన చేతిలోనివే. పై మూడు పరీక్షలను ఇంటిలో పిల్లలకు సైతం నేర్పుదాము.